ఈ మాటది ఏ ఊరు?

పోయిన నెల శ్రీకాకుళం బస్టాండులో పాత స్నేహితురాలు కనిపించింది. ఇద్దరం ఒకే ఏడు నర్సు ట్రైనింగు చదివాం. ఆమెది సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లె, నాది రాజాం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆమె టెక్కలి బస్సెక్కి కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. పిల్లల సంగతులూ, మోకాళ్ళ నొప్పుల సంగతులూ గబగబా చెప్పుకున్నాం. బస్సు కదలబోతుండగా ఆమె తల బయటికి పెట్టి, "టీచరమ్మ పోయి ఏడాది దాటిపోనాది, నీకు తెల్దేటి?" అంది.

నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. వెళ్ళి సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. నేనెక్కాల్సిన బస్సు వచ్చి, నిండి, వెళ్ళిపోయింది.

అరవైల చివర, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, పురుళ్ళు పోయడం నాకు నేర్పింది ఆవిడే. అప్పటికి ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉండేది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. పైటకొంగు చివర నాలుగైదు పిన్నీసులు వరసగా గుచ్చుకుని ఉండేవి. ఎవరికే అవసరమొచ్చినా అందులోంచి ఒకటి తీసి ఇచ్చేది, సాయంత్రానికి తిరిగి అడిగి మరీ పుచ్చుకునేది. పెళ్ళయిందో లేదో, అయితే ఆ మనిషి ఉన్నాడో పోయాడో మాకెవరికీ తెలీదు. అడిగే ధైర్యమూ లేదు.

సోమవారం పొద్దున్న మా గోళ్ళు చూసేది. చూడడమంటే కళ్ళతో కాదు. ఒక్కొక్కరి వేలికొస మీదా తన బొటనవేలితో రాసి చూసేది. కాస్త గరుకు తగిలినా, ఆ పిల్లకి ఆ రోజు వార్డులోకి ప్రవేశం లేదు. కడుపుతో ఉన్న మనిషిని ముట్టుకునే ముందు రెండు అరచేతులూ బాగా రుద్దుకుని వెచ్చబెట్టుకోమనేది. చల్లటి చెయ్యి వేస్తే తల్లే కాదు, లోపలున్న బిడ్డ కూడా ఉలిక్కిపడతాడనేది. నొప్పులు పడుతున్న మనిషితో 'భయపడకు' అన్నామో, మా పని అయిపోయినట్టే.

"ఆ మాట అనడానికి మనమెవరిమే? ఆ బల్ల మీద పడుకున్నది నువ్వా? 'నానున్నాను' అని సెప్పు. అదొక్కటే నిజం" అనేది.

మా పాఠాలన్నీ ఇంగ్లీషు మాటలతో నిండి ఉండేవి. మేమందరం తెలుగులో చదువుకుని వచ్చినవాళ్ళం. అర్థం తెలియకపోయినా, ఎక్కాలు వల్లె వేసినట్టు ఆ మాటలన్నీ వల్లె వేసేవాళ్ళం. ఆవిడ ఒక్క మాట మీద ఆపి, "ఈ మాటది ఏ ఊరే?" అని అడిగేది. మాకేం తెలుసు. అప్పుడు బల్ల సొరుగులోంచి ఒక లావాటి నిఘంటువు తీసేది. దానికి అట్ట పోయింది. గోనెదారంతో తనే కుట్టుకుంది. విజయనగరంలో తాను పని నేర్చుకున్నప్పుడు ఒక దొరసాని నర్సు ఉండేదట, దేశం విడిచి వెళ్ళిపోతూ అది ఇచ్చిపోయిందట. ఆవిడకు వచ్చిన లాటిన్ అంతా అందులోదే. ఎలా పలకాలో తనకీ తెలియదనీ, రాత చూసి పలుకుతున్నాననీ ముందే చెప్పేది. ఊరూ పేరూ తెలియని మనిషిని ఇంట్లోకి రానివ్వం కదా, పుట్టుక తెలియని మాటని నోట్లోకి ఎలా రానిస్తారనేది.

'డెలివరీ' అనే మాట లోపల 'విడిపించడం' ఉందని అలాగే తెలిసింది. బిడ్డని తల్లి నుంచి విడిపించడం కాబోలనుకున్నాం. కాదంది. పాతకాలపు ఇంగ్లీషులో విడుదల అయ్యేది తల్లేనట, బిడ్డ కాదట.

ఇంకొక రోజు 'సిజేరియన్' వచ్చింది. ఆ రోజు నేను ముందే చెయ్యెత్తాను. సీజరు అనే రోము చక్రవర్తి తల్లి కడుపు కోస్తే పుట్టాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని మా పుస్తకంలో ఉంది. అది అప్పజెప్పాను. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆ కథ అబద్ధమంది. ఆ రోజుల్లో కడుపు కోస్తే తల్లి బతకడమనేది లేదట. కానీ ఆయన తల్లి, కొడుకు పెద్దవాడై యుద్ధాలు చేసేదాకా బతికే ఉందట. లాటిన్‌లో 'కేడెరె' అంటే కోయడం, 'కేసస్' అంటే కోసినది. మాట పుట్టింది అక్కడే కావచ్చంది.

"మాటలో రాజెవడూ లేడే. కత్తి ఉన్నాది, అంతే" అంది.

రోము వాళ్ళకి ఒక పాత చట్టం ఉండేదని కూడా చెప్పింది. గర్భిణి చనిపోతే, లోపలున్న బిడ్డని బయటికి తీయకుండా ఆమెని మట్టి చెయ్యకూడదట. ఈ మాట ఆ చట్టం నుంచే వచ్చిందని కొందరు చెబుతారట. అప్పుడు వెనక వరసలోంచి నా స్నేహితురాలు లేచింది. తమ పల్లెలోనూ అదే కట్టుబాటు ఉందని చెప్పింది. కడుపుతో పోయినామెని అలాగే తీసుకెళ్తే దెయ్యమవుతుందని భయం. అందుకని ఒక మనిషిని పిలిపించి, ఇద్దర్నీ వేరు చేయించి, అప్పుడు పాతిపెడతారు. ఆ పని చేసినవాడు మూణ్ణెల్లు ఎవరింటికీ వెళ్ళకూడదు.

టీచరమ్మ నిఘంటువు మూసి సొరుగులో పెట్టింది. తర్వాత మాకు చెబుతున్నట్టు కాకుండా అంది. మొదట ఎవరో ఒకరు బిడ్డ ఇంకా బతికి ఉంటుందేమో అనే ఆశతోనే ఆ చట్టం పెట్టి ఉంటారు. ఆ ఆశ మర్చిపోయారు. కోయడం ఒక్కటే మిగిలింది. ఇక్కడా అంతే అయి ఉంటుంది.

పరీక్షలో ఏం రాయాలని ఎవరో అడిగారు. పుస్తకంలో ఉన్నదే రాయమంది.

ట్రైనింగులో చివరి నెలలు ఊళ్ళలో పని చెయ్యాలి. నౌపడకి దగ్గర్లో, ఉప్పుమడుల పక్కనున్న ఊళ్ళో ఒక చిన్న ప్రసూతి కేంద్రం ఉండేది. రెండు గదులు, ఒక వరండా. అక్కడి నర్సు సెలవు పెడితే, నెల రోజులు టీచరమ్మనే చూసుకోమన్నారు. తోడుగా నన్ను తీసుకెళ్ళింది. డాక్టరు రోజూ ఉండాలి. కానీ ఆయన కాపురం టౌనులో, ప్రైవేటు ప్రాక్టీసు కూడా అక్కడే. వారానికి రెండు రోజులొచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. స్టెతస్కోపు ఆయన గదిలో తాళంలో ఉండేది. మాకు ఉన్నదల్లా కడుపు మీద పెట్టి బిడ్డ గుండె వినే చెక్క బూర ఒకటి.

సాయంత్రాలు ఉప్పుమడుల గట్ల మీద నడిచేవాళ్ళం. ఎండకి మళ్ళలో నీళ్ళు చిక్కబడి, అంచుల్లో తెల్లగా పేరుకునేవి. ఆడవాళ్ళు తట్టలతో ఉప్పు మోసుకెళ్ళి కుప్పలు పోసేవాళ్ళు. వాళ్ళ మడమలు పగిలిపోయి ఉండేవి. ఒక రోజు ఆ గట్టు మీదే, నేనేమీ అడక్కుండానే, తన సంగతి ఒకటి చెప్పింది. ఏ ఊరో చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తట. నిండు నెలల మనిషి తన చేతుల్లోనే పోయింది. బూర పెట్టి వింటే లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోంది. డాక్టరు లేడు. నర్సు కత్తి పట్టకూడదని రూలు.

"ఆరు నిమిషాలు ఇన్నానే గుంటా. ముందు పరిగెట్టింది. తరవాత నడిచింది. తరవాత ఆగి ఆగి ఒక్కొక్క అడుగేసింది. ఆర్డరిచ్చేవోలు లేరని నాను అలా ఇంటా కూకున్నాను" అంది.

చేతులు వెనక్కి కట్టుకుని, నాకన్నా ముందు గట్టు దిగింది.

ఇది జరిగిన వారానికే అనుకుంటాను, మిట్టమధ్యాహ్నం ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. బండిలో గడ్డి మీద ఒకమ్మాయి. నా కన్నా ఏడాదో రెండేళ్ళో పెద్దదేమో. తొలికాన్పు, నెలలు నిండాయి. మొహం, కాళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచీ గుర్రపువాతం, అంటే నిండు నెలల్లో వచ్చే ఫిట్సు, ఊళ్ళో రెండుసార్లు, దారిలో ఒకసారి. మొగుడు ఉప్పు పనికి ఒడిశా వైపు వెళ్ళాడట. అత్తగారూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ, బండి తోలే మనిషీ వచ్చారు.

టీచరమ్మ అత్తగారిని బయటే కూర్చోమని తలుపు వేసింది. చెంచాకి గుడ్డ చుట్టి పళ్ళ మధ్య పెట్టించింది. ఉన్న ఇంజెక్షను ఇచ్చింది. అరచేతులు రుద్దుకుని ఆ అమ్మాయి నుదుటి మీద వేసి, "నానున్నానమ్మా" అంది. ఆ అమ్మాయికి వినిపించిందో లేదో. డాక్టరు కోసం బండి తోలినతన్ని నౌపడ స్టేషనుకి పంపింది, టౌనుకి ఫోను చేయించమని. ఫోను కలిసినా ఆయన రావడానికి ఎంత లేదన్నా మూడు గంటలు.

అరగంటకి ఇంకోసారి ఫిట్సు వచ్చాయి. బల్ల ఊగిపోయింది. నేను కాళ్ళు పట్టుకున్నాను. అవి తగ్గాక ఆ అమ్మాయి ఒకసారి పెద్దగా గాలి పీల్చింది. అది వదిలాక మళ్ళీ పీల్చలేదు.

టీచరమ్మ కనురెప్పలెత్తి చూసింది. ముక్కు దగ్గర చెంప పెట్టి చూసింది. బూర గుండె మీద పెట్టి వింది. బయట ఆడవాళ్ళు అప్పటికే ఏడుపందుకున్నారు. బిడ్డ గుండె కోసం చేసిన ఆ బూరకి, ఆ గోలలో, తల్లి గుండె ఉందో లేదో తేలలేదు.

"నాడి సూడు" అంది నాతో.

కుడిచేత్తో మణికట్టు పట్టుకున్నాను. మూడు వేళ్ళు ఆనించి వెతికాను. లేదు.

"లేదు టీచరమ్మా."

"మెడకాడ సూడు. తొందరేం లేదు, సరిగ్గా సూడు."

మెడ దగ్గర చూశాను. వెచ్చగా ఉంది, చెమట పట్టి ఉంది. కానీ నా వేళ్ళ కింద ఏ కదలికా లేదు. నిజంగా లేదు. అది ఈ రోజుకీ నా వేళ్ళకి తెలుసు.

"లేదు" అన్నాను.

అప్పటికే ఆవిడ బూర కడుపు మీదికి మార్చి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంది. అలాగే ఉండి, "ఉన్నాది" అంది. బొడ్డు కోసే సామానులో షేవింగు బ్లేడు ఉండేది. కొత్తది విప్పమంది. బయటున్నవాళ్ళని పిలిచి అడుగుదామా అన్నాను.

"అడిగితే వద్దంటారు. వద్దన్నాక నాను కొయ్యలేను" అంది.

కోసింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, రెండు నిమిషాలకి మించి ఉండదు. రక్తం చిమ్మలేదు. నల్లగా, మెల్లగా కారి బల్ల అంచు నుంచి కింద పడింది. బిడ్డ నీలంగా, మెత్తగా వచ్చింది. ఆడపిల్ల. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి, నోట్లోది తీసి, వీపు మీద రుద్ది, నోటితో ఊదింది. ఎంతకీ చలనం లేదు. తర్వాత ఒక చిన్న దగ్గు. ఆ తర్వాత ఏడుపు.

బిడ్డని గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టి, తను సూదీ దారం తీసుకుంది. చనిపోయిన మనిషిని అంత శ్రద్ధగా కుట్టడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. బతికున్న మనిషికి వేసినట్టే, ఒకే కొలతలో, ఒక్కో కుట్టూ వేసింది. నేను వెళ్ళి తలుపు తీయబోయాను. ఆగమంది. ఒళ్ళు తుడిచి, చీర సర్ది, చెదిరిన బొట్టు దిద్దాక తలుపు తీయమంది.

అత్తగారు లోపలికొచ్చి బిడ్డని చూడలేదు. కిందున్న మడుగు చూసింది. కోడలి కడుపు మీది చీర ఎత్తి చూసింది. చాలా నెమ్మదిగా అంది:

"సచ్చినోలకి రగతం వస్తాదేటి? నా కోడలు బతికే ఉన్నాది. ఈ యమ్మ కోసి సంపేసినాది."

టీచరమ్మ చెప్పింది. ముందే ప్రాణం పోయిందనీ, బిడ్డ కోసమే కోశాననీ, చనిపోయిన మనిషికి కూడా కాసేపు రక్తం కారుతుందనీ రెండు మూడు సార్లు చెప్పింది. ఆ ముసలామె వినలేదు. ఆమెని మాత్రం ఏమనగలం. పొద్దున్న మాట్లాడిన కోడలు మధ్యాహ్నానికి కుట్లతో పడుకుని ఉంది. చివరికి బిడ్డని తీసుకుంది గానీ, టీచరమ్మ చేతిలోంచి కాదు, నా చేతిలోంచి.

డాక్టరు మర్నాడు పొద్దున్న వచ్చాడు. సంగతంతా విని ముందు తలుపు వేసి టీచరమ్మతో మాట్లాడాడు. తర్వాత నన్ను పిలిచాడు. ఊళ్ళోవాళ్ళు అర్జీ పెడుతున్నారనీ, పైనుంచి విచారణకి వస్తారనీ చెప్పాడు. ఆ అమ్మాయి ఫిట్సుతో పోయిందని తేలితే, డాక్టరు ఎక్కడని అడుగుతారు. బ్లేడుతో పోయిందంటే ఆ ప్రశ్న రాదు. ఇది ఆయన అనలేదు, నాకు తర్వాత తెలిసింది. ఆయన నాతో అన్నది ఒక్కటే. నువ్వు చిన్నపిల్లవి, రెండు నెలల్లో సర్టిఫికెట్టు రావాలి, నీకేమీ తెలియదని చెప్పు, చాలు.

మా నాన్నకి కబురెవరు పంపారో తెలీదు. వచ్చాడు. వరండా చివర నిలబెట్టి మాట్లాడాడు. నా చదువు కోసం ఎద్దుల్ని అమ్మాడు. ఆ సంగతి ఎత్తలేదు. "ఆ గొడవ మనకొద్దమ్మా. సూడలేదని సెప్పీ" అన్నాడు. అంతే.

రెండు వారాల తర్వాత ఆ వరండాలోనే విచారణ జరిగింది. జిల్లా నుంచి ఒక పెద్ద డాక్టరూ, ఒక గుమాస్తా వచ్చారు. అత్తగారు చెప్పింది. టీచరమ్మ చెప్పింది. తను బిడ్డ గుండె వింటున్నప్పుడు తల్లి నాడి నేను చూశాననీ, రెండు చోట్లా లేదని నేను చెప్పాకే బ్లేడు పట్టాననీ చెప్పింది. దాచిందేమీ లేదు. అప్పుడు నన్ను పిలిచారు. కొయ్యకముందు ఆమె చనిపోయిందని నువ్వు నిర్ధారణగా చూశావా అని అడిగారు.

మా నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. డాక్టరు ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు.

"నేను చూళ్ళేదండి" అన్నాను.

నాడి పట్టుకోలేదా అని మళ్ళీ అడిగారు. కాళ్ళు పట్టుకున్నానన్నాను. అదీ నిజమే కదా అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. గుమాస్తా రాసుకున్నాడు. టీచరమ్మ నా మొహం వైపు చూడలేదు. నా కుడిచెయ్యి వైపు చూసింది. ఆ చెయ్యి కొంగు కిందికి లాక్కున్నాను.

ఆవిడ ఉద్యోగం పోయింది. పోలీసు కేసు కాకుండా చూశామని పెద్దలు గొప్పగా చెప్పుకున్నారు. ఆవిడ సామాను ఒక ట్రంకుపెట్టె, ఒక చాప. నేను స్టేషనుకి వెళ్ళలేదు. నాకు సర్టిఫికెట్టు వచ్చింది. దానితోనే ముప్పై ఏళ్ళకి పైగా ఉద్యోగం చేశాను, వందల పురుళ్ళు పోశాను. ప్రతిసారీ చేతులు రుద్దుకున్నాను. ప్రతిసారీ 'నేనున్నాను' అన్నాను.

ఆ బిడ్డ బతికింది. ఉద్యోగం మీద అటు వెళ్ళినప్పుడు ఒకసారి చూశాను. తట్టతో ఉప్పు మోస్తోంది. ఊళ్ళో వాళ్ళు ఆమెని కోతమ్మ అని పిలిచేవారు. ఆమె ఆ పేరుకి పలికేది.

టీచరమ్మని మళ్ళీ చూడడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కొత్తవలసలో తమ్ముడి కూతురింట్లో ఉంటోందని తెలిసి, ఒక ఆదివారం వెళ్ళాను. రైలు పట్టాల పక్క సందు. ఆ మేనకోడలు గుమ్మంలోనే నాతో ఒక సంగతి చెప్పింది. నర్సు పని చేసిన మనిషని తెలిసి ఇరుగూపొరుగూ ఎంత బతిమాలినా ఆవిడ ఒక్క పురిటికీ వెళ్ళలేదట. తనకే నొప్పులు మొదలైనప్పుడు అత్త ఇల్లు విడిచి రైలుగేటు దాకా నడిచి వెళ్ళి, అయిపోయిందని కబురు వచ్చేదాకా అక్కడే నిలబడిందట.

లోపల టీచరమ్మ వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. జుట్టంతా తెల్లబడింది. ఎవరని అడిగింది. చెప్పాను. కాసేపు చూసి, పీట చూపించి, "కూకో" అంది. ఎక్కడ పని చేస్తున్నానో, పిల్లలెందరో అడిగింది. ఉప్పుమడుల దగ్గరి బిడ్డ సంగతి అడిగింది. బతికుందనీ, పెళ్ళయిందనీ చెప్పాను. తలూపింది. చాలా గింజలు తీసింది.

"ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. ఇప్పుడు ఎంక్వయిరీ లేదు. నాకు ఉద్యోగమూ లేదు, నీకు బయమూ లేదు. ఆ రోజు నీ ఏళ్ళ కింద నాడి ఉన్నాదా?"

"లేదు టీచరమ్మా. మణికట్టు దగ్గరా లేదు, మెడ దగ్గరా లేదు."

"మరి చూళ్ళేదన్నావు."

భయపడి అన్నానని చెప్పాను. డాక్టరు అన్నదీ, మా నాన్న అన్నదీ చెప్పాను. ఆ ఇరవై ఏళ్ళలో ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలన్నీ అయిదు నిమిషాల్లో అయిపోయాయి. ఆవిడ వింటూనే ఉంది. ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదు. నేనెదురుచూసిన తిట్టు ఒక్కటీ రాలేదు.

"ఆ రోజు నా సెవి బిడ్డ మీదున్నాది. తల్లిని నీకొదిలేసినాను. నువ్వు లేదన్నావు, కోసినాను. తరవాత నువ్వు అసలు సూడనే లేదన్నావు" అంది. "అప్పట్నుంచి నాను ఎవరిని కోసినానో నాకు తెల్దు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నా పిల్లల మీద ఒట్టు వేయబోయాను. పిల్లల మీద ఒట్లు వద్దని చెయ్యి తీసేసుకుంది.

"ఉత్తినే సెప్పు" అంది.

"లేదు టీచరమ్మా."

"ఇంకోమాటు సెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆవిడ నా మొహంలోకి అదేపనిగా చూస్తూ మూడోసారీ చెప్పించుకుంది. నాలుగోసారి నేను నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"సాలు. ఎన్నిసార్లు సెప్పినా అదే గొంతు. ఆ రోజు చూళ్ళేదన్న గొంతూ ఇదేనే, గుంటా" అంది.

తర్వాత నా బస్సు ఎన్నింటికో అడిగింది. చెప్పాను. ఇప్పుడు బయల్దేరితేనే అందుతుందని చెప్పి, చింతపండు ముందుకి లాక్కుంది.